బొటనవేలి మీద పేరు

శుక్రవారం వచ్చిందంటే ఈరమ్మ తొందరగా ఇల్లు చేరదు. పిల్లలు వెళ్ళిపోయాక, టీచర్ల బండ్లు గేటు దాటాక, ఏడో తరగతి గదిలో కిటికీ కింద చతికిలబడి ఒళ్ళో కాగితాల కట్ట పెట్టుకుంటుంది. ముప్పై ఎనిమిది కాగితాలు. ఒక్కొక్కటే తీసి, అక్షరం మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ కూడబలుక్కుని చదువుతుంది. ముందువైపు అయ్యాక తిప్పి వెనకవైపు చూస్తుంది. మూలల్లో పెన్సిల్ గీత కనిపిస్తే అది అక్షరమో, ఊరికే గీసిందో తేలేదాకా వదలదు. ఆయమ్మకు ఇదేం చాదస్తమని కొత్తగా వచ్చిన టీచర్లు నవ్వుకుంటారు. పాతవాళ్ళు నవ్వరు. ఆ గది గోడల మీద ఒక్క కాగితం కూడా ఉండదు. తనిఖీకి వచ్చిన అధికారులు గోడలు ఇంత బోసిగా ఉన్నాయేమని అడిగితే, ఈరమ్మ వినపడనట్టు చీపురు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోతుంది.

కోకాపేట దాపున రాళ్ళకుంట బస్తీ అని ఒకటుంది. చుట్టూ నలభై, యాభై అంతస్తుల మేడలు లేచాయి కనుక రోడ్డు మీద పోయేవాళ్ళకు అది కనిపించదు. కనిపించినా ఎవరూ దాని పేరు అడగరు. అక్కడ ఏడో తరగతి దాకా ఒక సర్కారు బడి ఉంది. ఈరమ్మ పుట్టింది ఆ బస్తీలోనే. చిన్నప్పుడు ఆమె మేకలు తోలుకుపోయిన గుట్టను పిండి చేసి, ఆ చోట ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. మెట్టింది కూడా రెండు సందుల అవతలే. ముప్పై ఏళ్ళు నిండకముందే మొగుడు పోతే, అప్పటి హెడ్మాస్టరు జాలిపడి బడి ఊడ్చే పనిలో పెట్టాడు. అప్పటి నుంచి ఇరవై ఆరేళ్ళుగా ఆ బడికి ఆమే ఆయమ్మ.

ఊడవడం, తాగే నీళ్ళు పట్టడం, వరండాలో వేలాడే రైలుపట్టా ముక్క మీద ఇనుప కడ్డీతో గంట కొట్టడం, జ్వరమొచ్చిన పిల్లను భుజాన వేసుకుని దవాఖానకు ఉరకడం ఆమె పనులు. అన్నిటికన్నా పెద్ద పని, బడికి రాని పిల్లలను ఇళ్ళకు పోయి పట్టుకురావడం. అందులో ఆమెను మించినవాళ్ళు లేరు. మూడు రోజులు ఎవరైనా రాకపోతే నాలుగో రోజు పొద్దున్నే వాళ్ళ గుమ్మంలో ఈరమ్మ ప్రత్యక్షం. "ఏందే, మహారాణికి ఇంక తెల్లారలేదా?" అని ఆమె నోరు తెరిస్తే సందు సందంతా లేచి కూర్చునేది.

చదువు కూడా ఆమెకు ఆ బడే పెట్టింది, ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండానే. సాయంత్రం బోర్డు తుడిచేముందు దాని మీద ఏముందో ఒకసారి చూసేది. ఏళ్ళ తరబడి అట్లా చూసి చూసి అక్షరాలు పట్టుబడ్డాయి. నిదానంగా చదవగలదు. ఒక వాక్యం చదవడానికి ఆమెకు పట్టే సమయంలో టీచరు పేజీ తిప్పేస్తుంది, అంతే తేడా. తన పేరు మాత్రం ఎంత దూరాన ఉన్నా గుర్తుపడుతుంది.

ఆమె అడుగు ఆగిపోయే మాట ఒకటే ఉండేది: "ఊరికి పోయింది." ఆ బడిలో ముప్పాతిక మంది నారాయణపేట, కొడంగల్, జహీరాబాద్ వైపుల నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు. తండ్రులు కట్టుబడి పనుల్లో, కాపలా పనుల్లో ఉంటారు. తల్లులు మేడల్లో హౌస్‌కీపింగ్ చేస్తారు. జాతర వచ్చినా, చావు వచ్చినా, కోతలు వచ్చినా ఊరికి పోతారు, ఎప్పుడో ఒకప్పుడు తిరిగి వస్తారు. రాకపోతే మేస్త్రీ వేరే సైటుకు మార్చాడనుకోవడమే. వెతికేవాళ్ళు లేరు. పిల్లల సంఖ్య తగ్గితే బడికి ఒక టీచరు పోస్టు పోతుందని హెడ్మాస్టర్ భాస్కర్ సార్ భయం, అందుకని ఊరికి పోయిన పిల్లలకు కూడా హాజరు పడుతూనే ఉండేది. బడి బతకడానికే కదా అని అందరూ సర్దుకుపోయారు. ఈరమ్మ కూడా.

పింకీ ఆ బడిలో ఏడో తరగతి పిల్ల. పన్నెండేళ్ళు. తండ్రి మూడేళ్ళ కింద సైటు మీద నుంచి పడి చనిపోయాడు. తల్లి రేఖను ఊరి నుంచి పిలిపించి, ఇక్కడ గది చూపించి, ఒక టవర్లో ఊడ్చే పనిలో పెట్టింది ఆమె తమ్ముడు మహేశ్. మేడల్లోని ఇళ్ళకు పనిమనుషులను కుదర్చడం అతని పని. తెల్లచొక్కా, మెత్తని మాట. సాయంత్రాలు స్కూటీ వేసుకుని మేనకోడలిని తీసుకుపోవడానికి బడి గేటు దగ్గర నిలబడేవాడు. మన దగ్గర మేనమామకు, మేనకోడలికి ముడిపెట్టి ఆటపట్టించడం ఎవరికీ తప్పుగా తోచదు కదా. ఈరమ్మకూ తోచలేదు. "పింకీ, ఉరుకవే, నీ పెండ్లికొడుకు వచ్చిండు" అని గేటు దగ్గర నుంచి కేకేసేది. మహేశ్ నవ్వేవాడు. మిగతా పిల్లలు నవ్వేవాళ్ళు. పింకీ నవ్వలేదన్న సంగతి ఈరమ్మకు చాలా రోజుల తర్వాత గుర్తుకొచ్చింది. సిగ్గుపడుతున్నదనుకుంది అప్పుడు.

పోయిన ఏడాది వానాకాలంలో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో పిల్లలకు భద్రత పాఠం చెప్పాలి. ఒంటి మీద చెడుగా చెయ్యి వేసేవాళ్ళ గురించి, ఆశ చూపి ఎత్తుకుపోయి అమ్మేసేవాళ్ళ గురించి. మొదటి శుక్రవారం హైటెక్ సిటీలోని ఏదో కంపెనీ నుంచి నలుగురు పిల్లలు, అంటే ఉద్యోగస్థులే కానీ ముఖాలు చూస్తే పిల్లలే, లాప్‌టాప్ పట్టుకుని వచ్చారు. గోడ మీద బొమ్మల సినిమా వేశారు. నల్ల కళ్ళద్దాలవాడు వ్యానులోంచి దిగి చాక్లెట్ చూపిస్తాడు, పిల్ల "నో" అని అరిచి పరిగెత్తుతుంది. క్లాసంతా "నో" అని అరిచింది. అరవడం బాగా కుదిరింది. వెళ్ళేటప్పుడు వచ్చినవాళ్ళు అందరికీ చాక్లెట్లు పంచారు.

గుమ్మంలో నిలబడి చూసిన ఈరమ్మ, బోర్డు తుడిచే వేళకు కళ్యాణి టీచరును పట్టుకుంది. కళ్యాణి ఏడో తరగతి క్లాసు టీచరు, వచ్చి రెండేళ్ళయింది. అమ్మానాన్నలు ఎప్పుడో భీమవరం నుంచి వచ్చి మదీనాగూడలో స్థిరపడ్డారు.

"టీచరమ్మా, గా నల్ల అద్దాలోడు మా బస్తీకెందుకొస్తడు? తోవ గూడ దొర్కదు వానికి. వచ్చేటోడు తెలిసినోడే వస్తడు. ఇంట్ల కూసొని బువ్వ తిన్నోడే వస్తడు."

కళ్యాణి చాక్‌పీసు కింద పెట్టేసి ఆమె వైపు చూసింది. "అయితే మీరే చెప్పండి ఆయమ్మా. వచ్చే శుక్రవారం క్లాసు మీరు తీసుకోండి. నేను పక్కనే ఉంటానండి."

"నేనా? నేనేం జెప్త, ఊడ్చేదాన్ని" అని ఈరమ్మ ఎగిరిపడింది. కానీ ఆ వారమంతా ఆమెకు ఒక పాత మాట గుర్తొస్తూనే ఉంది. పదకొండేళ్ళప్పుడు, మేకలు తోలుకుపోయిన ఆ గుట్ట మీద, సొంత మనిషే ఒకడు ఆమెతో "ఎవ్వలికి చెప్పకు" అన్నాడు. నలభై ఏళ్ళు దాటినా ఆమె ఆ మాట జవదాటలేదు. తల్లికి చెప్పలేదు, కట్టుకున్నవాడికి చెప్పలేదు. వాడు ముసలివాడై, అందరిచేత దండం పెట్టించుకుని చచ్చిపోయాడు. దినాల భోజనానికి ఆమె కూడా పోయి వడ్డించి వచ్చింది. ఆమె చెప్పుకోనిది నేను ఇంతకన్నా చెప్పను.

శుక్రవారం నాడు ఈరమ్మ కొంగు నడుముకు చుట్టి, ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి బోర్డుకు వీపు పెట్టి పిల్లల వైపు తిరిగి నిలబడింది. పిల్లలు కిసుక్కుమన్నారు.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. ఇగ ఇనుండ్రి. తెలిసినోడు గానీ, సుట్టపోడు గానీ, సారు గానీ, ఎవడన్నా గానీ. మీ ఒంటి మీద చెయ్యేసి, ఇది ఎవ్వలికి చెప్పకు అన్నడనుకో. గదే చెప్పాలె. వాడు ఏది చెప్పకు అంటడో గదే ముందుగాల చెప్పాలె. పెద్దోళ్ళింట్ల పనికి పెడ్త, మంచిగ సూస్కుంటరు, ఎవ్వలికి చెప్పకు అన్నడా? గది గూడ చెప్పాలె. అమ్మ ఇనకపోతే ఇంకొకలకు చెప్పుండ్రి. ఇనేటోళ్ళు దొరికేదాంక చెప్పుండ్రి. నోట్లెకెళ్ళి మాట రాకపోతే రాసియ్యుండ్రి."

కిసకిసలు ఆగిపోయాయి. ముప్పై తొమ్మిది మంది తలెత్తి చూశారు. మూడో వరుసలో పింకీ కూడా చూసింది, రెప్ప వెయ్యకుండా.

తర్వాత కళ్యాణి తెల్లకాగితాలు పంచింది. ఎడమచెయ్యి కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీయమంది. కష్టం వస్తే ఎవరికి చెప్పుకుంటారో ఐదుగురి పేర్లు ఐదు వేళ్ళ మీద రాయమంది. పిల్లలు వంగి రాశారు. గంట కొట్టే వేళయిందని ఈరమ్మ వరండాలోకి వెళ్ళింది. కళ్యాణి కాగితాలు పోగేసి బల్ల మీద పెట్టింది. చదవలేదు. మరునాడు శనివారం, తల్లిదండ్రుల మీటింగు. కంపెనీవాళ్ళు మళ్ళీ వస్తామన్నారు, పై అధికారులకు ఫోటోలు పంపాలి. "ఆయమ్మా, ఇవన్నీ గోడకు అంటించెయ్యండి, రేపటికి బాగుంటుంది" అని బ్యాగు భుజాన వేసుకుంది. మన సర్కారు బళ్ళలో ఏం చేసినా గోడకెక్కాల్సిందే. గోడ మీద లేనిది జరగనట్టే.

ఈరమ్మ ఒక్కతే కూర్చుని అంటించింది. అమ్మ, నాన్న, అక్క, టీచర్. అవే పేర్లు. ఒక కాగితం చేతికి రాగానే ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. బొటనవేలి మీద "ఆయమ్మ ఈరమ్మ" అని గుండ్రటి అక్షరాలు. మిగతా నాలుగు వేళ్ళు ఖాళీ. కింద పింకీ పేరు. అరచేతి మధ్యలో కూడా ఏదో సన్నగా రాసి ఉంది, అది ఆమె కంటికి ఆనలేదు, ఆనించుకోలేదు. జీతాల పట్టీలో కాక, జన్మలో మొదటిసారి తన పేరు ఒకరు కాగితం మీద రాశారు. తొలి వేలి మీద, అందరికన్నా ముందు. ఆ కాగితాన్ని తలుపు పక్కన, వచ్చేపోయే అందరికీ కనబడే చోట, నాలుగు మూలలా గట్టిగా అంటించింది. గర్వమే. దాన్ని ఇప్పుడు ఏ పేరుతో పిలిచినా ఏం లాభం.

శనివారం పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చింది పింకీ. తలుపు పక్కన కాగితం చూసి అక్కడే నిలబడిపోయింది. "నా పేరే రాసినవా బిడ్డా?" అంది ఈరమ్మ ముఖం విప్పార్చుకుని. పింకీ తలూపింది. కదలలేదు. ఏదో అడుగుతుందేమోనన్నట్టు ఈరమ్మ ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఈరమ్మ ఆమె బుగ్గ నిమిరి, గంట కొట్టడానికి పోయింది.

కంపెనీవాళ్ళు వచ్చారు. ఆ కాగితం పక్కన ఈరమ్మను నిలబెట్టి ఫోటో తీసి, కళ్యాణికి కూడా పంపారు. మధ్యాహ్నం మీటింగుకు రేఖకు సెలవు దొరకలేదు, మహేశ్ వచ్చి సంతకం పెట్టాడు. అతన్ని తలుపు దగ్గరికి పిలిచింది ఈరమ్మే. "సూడు మహేశూ, మీ కోడలు నా పేరు ఎట్ల రాసిందో." మహేశ్ చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మెత్తగా అన్నాడు: "మంచిగ రాసింది. మా అక్కకు చూపిస్త, ఇస్తవా ఆయమ్మా?" ఈరమ్మ గోటితో జాగ్రత్తగా, చిరగకుండా ఒలిచి, అతని చేతిలో పెట్టింది.

సోమవారం పింకీ రాలేదు. గేటు దగ్గర మహేశ్ కనబడి, వాళ్ళ అమ్మమ్మకు పానం బాగలేదని, పింకీ ఊరికి పోయిందని చెప్పాడు. ఊరికి పోయిందంటే ఇక ఈరమ్మ అడిగేదేముంది. హాజరు పట్టీలో పింకీ ఎదురుగా రోజూ టిక్కు పడుతూ వచ్చింది.

మీటింగు అయిన పన్నెండో రోజు, గురువారం మధ్యాహ్నం, అన్నాలు తిని పళ్ళాలు కడుక్కునే చోట భానుశ్రీ కనబడింది. ఆ పిల్లదీ పింకీవాళ్ళ ఊరే, పెళ్ళికని పోయి ముందురోజే వచ్చింది. "పింకీ ఎప్పుడొస్తదట?" అని అడిగింది ఈరమ్మ, మామూలుగానే.

"పింకీ ఊర్లె లేదు ఆయమ్మా. వాళ్ళ అమ్మమ్మ నన్నే అడిగింది, మా పింకీ మంచిగున్నదా అని. ముసల్దానికి ఏం కాలే, చేన్ల కలుపు తీస్తుంది."

ఈరమ్మ చేతిలోని చెంబు కింద పెట్టేసింది. ఎవరికీ చెప్పకుండా గేటు దాటింది. రేఖ పనిచేసే టవర్ బస్తీకి కిలోమీటరు దూరం. మూడింటికి డ్యూటీ మారుతుంది. పనివాళ్ళు వచ్చిపోయే వెనక గేటు దగ్గర ఎండలో నిలబడి ఎదురుచూసింది. చీర మీద నీలం యూనిఫారం కోటుతో రేఖ బయటికి వచ్చి, ఆమెను చూడగానే తల దించుకుంది.

"పింకీ ఏది రేఖా?"

"ఊర్లె…"

"ఊర్లె లేదు. మీ అమ్మ చేన్ల కలుపు తీస్తున్నదట. పిల్ల ఏది?"

రేఖ అటూ ఇటూ చూసింది. "మా తమ్ముడు పెద్దోళ్ళింట్ల పెట్టిండు. ఏసీ ఇల్లంట. చిన్న బాబును ఎత్తుకునుడే పని. మంచిగ సూస్కుంటరంట."

"ఎక్కడ?"

"నాకు తెల్వదు ఆయమ్మా. ఎవ్వలికి చెప్పకు అన్నడు."

తను పిల్లల ముందు నిలబడి చెప్పిన మాట, పొల్లు పోకుండా, ఈ తల్లి నోట వచ్చింది. ఈరమ్మ రేఖ రెక్క పట్టుకుంది. "నీకు పిల్ల ఏమన్న చెప్పిందా? వాని గురించి?" అని అడిగింది. రేఖ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు ఆపుకుంది. ఆ గది అతను చూపించిందే, ఆ పని అతను ఇప్పించిందే. "మామ మీద గసువంటి మాటలు ఎట్ల చెప్తవే అని కొట్టిన" అంది చివరికి.

ఈరమ్మ బడికి ఎట్లా చేరిందో ఆమెకు తెలియదు. కళ్యాణి సంచి సర్దుకుంటోంది. "టీచరమ్మా, గా దినం ఫోటో తీసిండ్రు గద. నేను నిలబడ్డది. అది సూపియ్యి."

కళ్యాణి ఫోన్‌లో వెతికి పట్టుకుంది. ఫోటోలో ఈరమ్మ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. పక్కన కాగితం. కళ్యాణి రెండు వేళ్ళతో ఆ కాగితాన్ని పెద్దది చేసింది. చదివింది. ఫోను ఈరమ్మ చేతిలో పెట్టింది. ఈరమ్మ వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. వేలు తగిలినప్పుడల్లా బొమ్మ జరిగిపోయేది, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేది.

'మామ ఎవరికి చెప్పకు అంటుండు. అమ్మకు చెప్తె కొట్టింది. ఆయమ్మ మా ఇంటికి ఒకసారి రా.'

మూడు వాక్యాలు. ఇరవై ఆరేళ్ళు పిలవని ఇళ్ళకు పోయిన మనిషిని ఒక పిల్ల రాసి మరీ పిలిచింది. పోలేదు.

ఇద్దరూ భాస్కర్ సార్ గదికి పరిగెత్తారు. ఆయన చెడ్డవాడు కాదు. భయస్థుడు, అంతే. ఫోటో చూసి చెమటలు కక్కాడు. తర్వాత హాజరు పట్టీ తెరిచాడు. బడి నడిచిన పది రోజులూ పింకీ వచ్చినట్టుంది, కళ్యాణి చేతిరాతతోనే. "ఇది పోలీసుల చేతిలో పడితే మీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ పోతాయి. పిల్ల రోజూ వస్తోందని మనమే రాశాం. తొందరపడొద్దు. మహేశ్‌కు ఫోన్ చేస్తాను. రేపు పొద్దున పిల్లను తెచ్చి అప్పజెప్పమంటాను. పిల్ల పేరు బజారున పడకుండా ఉంటుంది." అని వాళ్ళ ముందే ఫోన్ చేశాడు. అట్లాగే సార్, తెస్త సార్ అన్నాడు అవతల మహేశ్, అదే మెత్తని గొంతుతో.

ఈరమ్మకు అరవాలనిపించింది. బస్తీలో ఎవరి గుమ్మంలోనైనా అరవగలిగిన ఆడది, హెడ్మాస్టర్ బల్ల ముందు ఇరవై ఆరేళ్ళుగా చేతులు కట్టుకునే నిలబడింది. ఆ రోజు కూడా అట్లాగే నిలబడింది. ఇనేటోళ్ళు దొరికేదాంక చెప్పమని పిల్లలకు చెప్పిన మనిషి, ఒక్కసారి కూడా గొంతెత్తకుండా ఇంటికి పోయింది. ఆ సాయంత్రాన్ని తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ తన మీద తనకు అసహ్యం వేస్తుంది.

పొద్దున తొమ్మిదయింది, పది అయింది. మహేశ్ ఫోను మూగబోయింది. అతని గదికి తాళం. కళ్యాణి హెడ్మాస్టర్ ఎదుటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసింది. "పది రోజులు అబద్ధపు హాజరు వేసింది నేనే అని కూడా చెప్పాను సార్, ఇప్పుడే" అంది ఫోను పెట్టేసి.

మహేశ్ పనిమనుషులను కుదిర్చిన ఇళ్ళన్నీ వెతికి, సాయంత్రానికి పోలీసులు పింకీని పెట్టిన ఇల్లు పట్టుకున్నారు. ఎక్కడో కాదు. బడి వెనక రెండు వీధుల అవతల ఒక అపార్ట్‌మెంటు, నాలుగో అంతస్తు. పదిహేడేళ్ళ పిల్ల అని చెప్పి పెట్టాడట మహేశ్, ఆ ఇంటివాళ్ళు నమ్మారట, లేదా నమ్మడమే వాళ్ళకు వీలుగా ఉందట. నిన్న సాయంత్రం ఆరింటికి వచ్చి, తల్లికి సీరియస్‌గా ఉందని తీసుకుపోయాడట. పిల్ల వదిలిపెట్టిన జడ క్లిప్పు గుర్తుపట్టడానికి ఈరమ్మను వెంట తీసుకుపోయారు. వంటగది బాల్కనీలో, బట్టలారేసే తీగకు ఉంది ఆ క్లిప్పు. బాల్కనీలోంచి కిందికి చూస్తే బడి వరండా, అందులో వేలాడుతున్న పట్టా ముక్క కనిపించాయి. అంటే ఇన్నాళ్ళూ తను కొట్టిన గంట ఈ పిల్ల వింటూనే ఉంది. భాస్కర్ సార్ ఫోన్ చేసింది నాలుగున్నరకు. ఆ గంటన్నరలో ఎవరైనా వచ్చి ఉంటే పింకీ ఇక్కడే ఉండేది.

దొరకడానికి ఇంకా పందొమ్మిది రోజులు పట్టింది. బొంబాయి హైవే మీద, రాష్ట్రం దాటాక, ఒక లాడ్జిలో, ఇంకో ఇద్దరు ఆడపిల్లలతో పాటు. ఆ పందొమ్మిది రోజుల సంగతి ఇక్కడ రాయను. అది రాసుకోవడానికి పోలీసుల కాగితాలున్నాయి, కోర్టు ఉంది. మహేశ్ జైల్లో ఉన్నాడు. కళ్యాణికీ భాస్కర్ సార్‌కూ మెమోలు వచ్చాయి, విచారణ నడుస్తోంది. రేఖ ఆ గది ఖాళీ చేసింది. వారం వారం పిల్లను ఉంచిన బాలికల గృహం గేటు బయట కూర్చుని ఉంటుంది. తల్లిని చూడనని పింకీ అంది, ఇంకా అంటూనే ఉంది.

ఈరమ్మను మాత్రం చూస్తానంది.

కళ్యాణి అధికారులను అడిగి అనుమతి తెచ్చింది. ఒక గురువారం మధ్యాహ్నం ఇద్దరూ వెళ్ళారు. పల్లీపట్టీలు పొట్లం కట్టించుకుంది ఈరమ్మ. పొడుగాటి బెంచీలున్న గది. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది పింకీకి, ముఖం చిన్నదైపోయింది, కళ్ళు మాత్రం పెద్దవాళ్ళ కళ్ళలా ఉన్నాయి. వచ్చి బెంచీ అంచున కూర్చుంది. పొట్లం తీసుకుంది, విప్పలేదు. కళ్యాణి కాసేపు మాట్లాడి, వాళ్ళిద్దరినీ వదిలి బయటికి వెళ్ళింది.

దారిపొడవునా ఈరమ్మ కూడగట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "నాదే తప్పు బిడ్డా" అంది. "నేనే గోడకు పెట్టిన. నేనే వాన్ని పిలిచి సూపిచ్చిన. వాని చేతుల నేనే పెట్టిన. పెండ్లికొడుకు అని నేనే…" ఇక సాగలేదు. ఇరవై ఆరేళ్ళు పిల్లల కన్నీళ్ళు తుడిచిన కొంగు ఇప్పుడు తన ముఖానికే చాలలేదు.

పింకీ ఏడవలేదు. పొట్లం బెంచీ మీద పెట్టింది. కోపంగా కూడా లేదు. లెక్క తప్పు చేసినవాళ్ళకు ఎక్కడ తప్పిందో చూపించే పిల్ల గొంతుతో, మెల్లగా అంది:

"చెప్పాలె అన్నవు గద ఆయమ్మా. నోట్లెకెళ్ళి రాకపోతే రాసియ్యుమన్నవు. రాసిన. నువ్వు నీ పేరొక్కటే సదువుకున్నవ్."